ప్యాక్‌మ్యాన్ కప్ప తిండి మానేసి ఒంటి మీద పొరలు కడుతుంటే ఏది మేలు: ఆగడమా, నానబెట్టడమా, నోట్లో కుక్కడమా, డాక్టరా?

అమెరికాలో మన ఇళ్ళల్లో కుక్క వద్దు, పిల్లి వద్దు అని పిల్లలతో బేరాలాడి బేరాలాడి చివరికి లొంగిపోయి కొనే జీవాల్లో ఈ ప్యాక్‌మ్యాన్ కప్ప ఒకటి. దీని సొంతూరు దక్షిణ అమెరికా. అరచేతి నిండా గుండ్రంగా ఉంటుంది, ఒంట్లో సగం నోరే, మట్టిలో పూడుకుని కళ్ళు మాత్రం బయటపెట్టి కూర్చుంటుంది. మా ఇంట్లోనూ ఒకటుంది, మావాడు బొండాం అని పేరు పెట్టాడు. పెద్దగా చాకిరీ ఉండదు, నిజమే, కానీ ఒకరోజు అది తినడం మానేస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్. తెలిసినవాళ్ళని అడిగితే ఒకరు వదిలెయ్యండి ఆకలేస్తే అదే తింటుంది అంటారు, ఒకరు నీళ్ళలో కూర్చోబెట్టమంటారు, ఇంకొకరు నోరు తెరిచి పెట్టెయ్యమంటారు, మరొకరు వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తమంటారు. నన్నడిగితే ముందు పురుగుల డబ్బా పక్కన పెట్టి కప్ప చర్మం చూడండి. ఈ నాలుగింటిలో ఏది చేయాలో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఆగడం ఎప్పుడు సరైనదంటే, చర్మం తడిగా, మామూలు రంగులో ఉండి, కప్ప ముట్టుకుంటే చురుగ్గా కదులుతున్నప్పుడు. ఎదిగిన కప్పకి వారం పది రోజులకోసారి తిండి పెడితే చాలు, కాబట్టి ఒక పూట మొహం తిప్పుకుంటే కొంపేం మునగదు. పిల్ల కప్ప విషయం వేరు, అది రోజు విడిచి రోజైనా తినాలి, వారం ముట్టకపోతే ఊరుకోకూడదు. ఇక చర్మం విడిచే పూట చాలా కప్పలు తిండి జోలికి పోవు. ఆ దృశ్యం మొదటిసారి చూస్తే ఎవరికైనా ప్రాణం పోతోందేమో అనిపిస్తుంది: ఒళ్ళు ఉబ్బించి, వీపు వంచి, ఆవలిస్తున్నట్టు నోరు తెరిచి మూస్తూ, కాలితో కళ్ళ మీద నుంచి ముందుకు తుడుచుకుంటుంది, పల్చటి జిగురు పొర ఒకటి మూతి మూలల్లోంచి లోపలికి పోతూ ఉంటుంది. విడిచిన చర్మాన్ని తనే మింగేస్తుందన్నమాట. ఇది జబ్బు కాదు, పట్టుకుని లాగకండి, కాసేపట్లో అదే ముగించుకుంటుంది.

ఆగేవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోకుండా బరువు చూస్తూ ఉండాలి. వంటింటి గ్రాముల తూకం మీద మూత ఉన్న డబ్బా పెట్టి సున్నా చేసి, కప్పని అందులో వదిలి మూతేసి వారానికోసారి రాసుకోండి. (కప్పల తక్కెడ అని ఊరికే అనలేదు మనవాళ్ళు, మూత లేకుండా ప్రయత్నించకండి.) బరువు నిలకడగా ఉంటే నిశ్చింతగా ఆగొచ్చు, వారం వారం తగ్గుతుంటే ఆగే కాలం అయిపోయినట్టే.

చలికాలంలో మన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేది మాత్రం ఇంకొకటి. రాత్రీ పగలూ హీటర్ నడిచి ఇంట్లో గాలి పొడిబారిపోతుంది, తొట్టిలో మట్టి ఎండిపోతుంది, కప్ప ఏమో కరువొచ్చిందనుకుంటుంది. ఈ జాతి కప్పలకి వానల్లేని కాలం గడపడానికి ఒక ఏర్పాటుంది: మట్టిలోకి దిగి, పాత చర్మం విడిచెయ్యకుండా పొర మీద పొర ఒంటికే ఉంచుకుని, లోపలి తడి బయటికి పోకుండా కాపాడుకుంటూ తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు. మన పొలాల్లో గోదురుకప్ప కూడా వేసవంతా మట్టిలో దాక్కుని తొలకరికి బయటికొస్తుంది కదా, అది మనకి తెలిసిన సంగతే. తొట్టిలో కప్పకి ఇలా పొర కట్టినప్పుడు ఒళ్ళు ఎండిన ఉల్లిపొర చుట్టినట్టు గరుకుగా, మసగ్గా ఉంటుంది, కళ్ళు కూడా సగం మూసుకుపోతాయి. అలాంటి కప్ప ముందు ఎంత మంచి వానపాము ఆడించినా తినదు, తినే పరిస్థితిలో ఉండదు.

ఇక్కడ ఆగడం కంటే నానబెట్టడమే మేలు, అందులో నాకు అనుమానం లేదు. కప్ప నోటితో నీళ్ళు తాగదు, పొట్ట కింద చర్మంతోనే పీల్చుకుంటుంది, అందుకే స్నానమే దానికి దాహం తీర్చడం. వెడల్పాటి గిన్నెలో గడ్డం దాటని లోతు నీళ్ళు పోసి అరగంట కూర్చోబెట్టండి, ముక్కు మునిగితే ప్రమాదం, ఇది ఈదే రకం కాదు. వేడినీళ్ళు వద్దు, గది వేడిమికి వచ్చిన నీళ్ళు చాలు. కుళాయి నీళ్ళు తిన్నగా పోయకండి. ఒక రాత్రి బకెట్లో ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ చాలా ఊళ్ళలో కలిపే క్లోరమైన్ అలా పోదు, చేపల షాపుల్లో దొరికే వాటర్ కండిషనర్ చుక్కలు వేయాల్సిందే. డిస్టిల్డ్ వాటర్ శుభ్రం కదా అని అది వాడేవాళ్ళున్నారు, అందులో లవణాలు అసలుండవు, కప్పకి మంచిది కాదు. పొర మెత్తబడ్డాక అదే ఊడి వస్తుంది, గోళ్ళతోనో పట్టకారుతోనో పీకితే కింద లేత చర్మం చిరుగుతుంది.

నానబెట్టి మళ్ళీ అదే ఎండు మట్టిలో వదిలితే మాత్రం ఒరిగేదేమీ లేదు. మట్టి పిడికిట్లో నొక్కితే ముద్దవ్వాలి, నీళ్ళు కారకూడదు. పగలు తొట్టిలో 24 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, అంటే ఇక్కడి లెక్కలో 75 నుంచి 85 ఫారెన్‌హీట్. హీట్ మ్యాట్ తొట్టి అడుగున పెట్టకండి, వేడెక్కితే ఈ కప్ప తప్పించుకోవడానికి ఇంకా కిందికే తవ్వుతుంది, పక్క గోడకి అంటించి థర్మోస్టాట్ పెట్టండి.

నోరు తెరిచి కుక్కడం గురించి ఎక్కువ చెప్పను: ఇంట్లో వద్దు. దవడ ఎముకలు సన్నం, విరుగుతాయి, పైగా చల్లబడ్డ కప్ప కడుపులో తిండి అరగకుండా కుళ్ళిపోతుంది. కాల్షియం పొడి లేకుండా నెలల తరబడి ఉత్త కీచురాళ్ళే పెట్టిన కప్పకయితే దవడ మెత్తబడి ఉండొచ్చు, అది తినక కాదు, పట్టుకోలేక వదిలేస్తుంది, దాని మీద మనం బలప్రయోగం చేస్తే ఇంకేముంది. మట్టో గులకరాయో మింగి పేగులకి అడ్డం పడినా తినదు. కొన్నాళ్ళు కాగితం టవల్ మీద ఉంచి మలం వస్తోందో లేదో చూడండి, రాకపోతే ఎక్స్‌రే తీయించాలి.

అసలు భయపడాల్సింది తడి చర్మం పదే పదే ఊడుతున్నప్పుడు. నీళ్ళ గిన్నెలో ముక్కలు ముక్కలుగా తేలుతూ, విడిచింది తినకుండా, మళ్ళీ రెండు రోజులకే ఊడుతూ, ఎప్పుడూ పూడుకునే కప్ప బయటే కాళ్ళు చాపి పడి ఉంటే, వెల్లకిలా తిప్పినా వెంటనే సర్దుకోలేకపోతే, తొడల లోపల ఎర్రబడితే ఇక ఆగడం లేదు, నానబెట్టడం లేదు. ఒక్కోసారి మురికి నీళ్ళలో పేరుకున్న అమ్మోనియా వల్ల కూడా చర్మం పాడవుతుంది కాబట్టి తొట్టి వెంటనే మార్చండి, కానీ దాంతో సరిపెట్టుకోవద్దు, కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ ఫంగస్ కావచ్చు. 1990ల చివర్లో గుర్తించిన ఈ ఫంగస్ ప్రపంచంలో చాలాచోట్ల ఎన్నో కప్ప జాతుల్ని దెబ్బతీసింది. ఆస్ట్రేలియా ఆకుపచ్చ చెట్టుకప్పల మీద చేసి 2009లో ప్రచురించిన పరిశోధనలో, చర్మం లవణాల్ని నిలుపుకోలేక రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగుతోందని తేలింది. చర్మం మీద దూది పుల్లతో తుడిచి పీసీఆర్ పరీక్ష చేస్తే తెలిసిపోతుంది, ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు కలిపిన స్నానాలతో నయమయ్యే అవకాశమూ ఉంది, మోతాదు మాత్రం డాక్టరే చెప్పాలి.

కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్ చాలామంది కప్పని చూడరు. ఏఆర్‌ఏవీ అని సరీసృపాలు, ఉభయచరాల పశువైద్యుల సంఘం ఉంది, దాని వెబ్‌సైట్లో మీ ఊరి దగ్గర ఎవరున్నారో వెతకొచ్చు. ఫీజు కప్ప ధర కంటే ఎక్కువే అవుతుంది, ఇంట్లో దీని మీద చిన్న పంచాయితీ తప్పదు, అయినా పైన చెప్పిన లక్షణాలుంటే అదొక్కటే దారి. వెళ్ళేటప్పుడు చిల్లులున్న డబ్బాలో తడి కాగితం టవల్ పరిచి, ముందే వెచ్చబెట్టిన కారులో తీసుకెళ్ళండి. ఊడిన చర్మం ముక్క జిప్ కవర్లో వేసి, తొట్టి ఫోటో, బరువులు రాసిన కాగితం చూపించండి. ఫలితం వచ్చేదాకా ఆ తొట్టి నీళ్ళు పెరట్లోనో వాగులోనో పారబోయకండి, బ్లీచ్ కలిపి ఉంచాక సింకులో వదలండి, లేకపోతే బయట కప్పలకి మనమే జబ్బు అంటించినవాళ్ళమవుతాం.