సౌర ఫిల్మ్‌తో సూర్య పరిశీలన: దీర్ఘకాల వాడకం తరువాత

80 మి.మీ. వ్యాసం గల నా వక్రీభవన టెలిస్కోప్‌కు ముందువైపు బాడర్ ఆస్ట్రోసోలార్ ఫిల్మ్ (సూర్యకాంతిని బాగా తగ్గించే పూత గల పలుచని పొర) బిగించి కొన్నేళ్లుగా సూర్యుణ్ణి చూస్తున్నాను. కంటితో చూడడానికి ఉద్దేశించిన 5.0 సాంద్రత (కాంతిని అడ్డుకునే శక్తికి కొలత) గల ఈ రకం, తన మీద పడిన కాంతిలో సుమారు లక్షో వంతును మాత్రమే లోపలికి వదులుతుంది. 3.8 సాంద్రత గలది ఫొటోల కోసమే; దానిని బిగించి ఐపీస్‌లోంచి (కన్ను ఆనించి చూసే కటకం) నేరుగా చూడకూడదు.

ఈ ఫిల్మ్ ఇచ్చే బింబం దాదాపు తెల్లగా, ఎంతో స్పష్టంగా ఉంటుంది. పెద్ద మచ్చ నడిమి నల్లని భాగం చుట్టూ బూడిదరంగు అంచు, ఆ అంచులో లోపలికి సాగే సన్నని పోగులు, బింబం చివర్లకు పోయే కొద్దీ కాంతి తగ్గడం, ఆ చివర్ల దగ్గరే తెల్లగా మెరిసే చారలు, ఇవన్నీ చక్కగా కనిపిస్తాయి. నేల ఇంకా వేడెక్కని ఉదయం వేళ, గాలి నిలకడగా ఉంటే, ఆకుపచ్చ ఫిల్టర్‌ను ఐపీస్‌కు జోడించినప్పుడు ఉపరితలమంతా సన్నని గింజలు పరచినట్టు తోస్తుంది; ఒక్కో గింజ అడ్డంగా సుమారు వెయ్యి కిలోమీటర్లు ఉంటుందన్న సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 2024 మే నెలలో భూమి మీద ధ్రువకాంతులకు కారణమైన మచ్చల గుంపునైతే గ్రహణపు కళ్లద్దాలతోనే చూడగలిగాం.

ఫిల్మ్ మీది ముడతలు చూసి కొత్తవారు కంగారు పడతారు గానీ, వాటివల్ల బింబానికి నష్టం లేదు. బిగుతుగా లాగి అతికిస్తేనే స్పష్టత పోతుంది. అసలు జాగ్రత్త పూతకు సంబంధించినది. వాడే ప్రతిసారీ ముందుగా దానిని ప్రకాశవంతమైన దీపానికి ఎదురుగా పట్టి చూస్తాను. సూదిమొన అంత వెలుగు చుక్క కనిపించినా, గీత పడినా, ఆ ముక్కను పక్కన పెట్టేస్తాను. ఫిల్మ్ అమర్చిన చట్రం గాలికి ఊడిపోకుండా టేపు కూడా వేస్తాను, ఎందుకంటే రెటీనాకు నొప్పి తెలియదు, కన్ను కాలిపోతున్నా మనకు హెచ్చరిక అందదు. ఫైండర్‌ను (గురి చూసేందుకు పక్కన ఉండే చిన్న టెలిస్కోప్) తీసేసి, నేల మీద గొట్టం నీడ అతి చిన్నదయ్యేలా తిప్పుతూ సూర్యుణ్ణి పట్టుకుంటాను. ఐపీస్‌కు బిగించే పాతకాలపు సౌర ఫిల్టర్లను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు: కాంతి కేంద్రీకృతమయ్యే చోట ఉండడం వల్ల అవి వేడికి పగిలిపోగలవు. ఫిల్టర్ ఎప్పుడూ ముందు కటకానికి ముందే ఉండాలి.

అంచున ఎగసే జ్వాలలను ఈ ఫిల్మ్ చూపదు. అందుకు 656.28 నానోమీటర్ల హైడ్రోజన్-ఆల్ఫా కాంతిని మాత్రమే వదిలే పరికరం కావాలి, దాని ఖరీదు ఫిల్మ్‌కు ఎన్నో రెట్లు. మచ్చల రోజువారీ మార్పులు గమనించదలచినవారికి ఈ ఫిల్మే చాలు.