స్పాంజ్ ఫిల్టర్: ఎనిమిది నెలలు వాడాక రాస్తున్నా

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. హాల్లో రెండడుగుల ట్యాంకు ఉంది. అందులో ఐదు గోల్డ్ ఫిష్‌లు ఉండేవి (ఐదు ఎక్కువే, తెలుసు, తిట్టకండి), ఇప్పుడు రెండే ఉన్నాయి. ఆ మూడూ ఎలా పోయాయో చెబితేగానీ 280 రూపాయల ఈ ఫిల్టర్‌ని ఎందుకింత మెచ్చుకుంటున్నానో మీకు అర్థం కాదు.

మొదట కొన్నది నీళ్లలో ముంచి పెట్టే పవర్ ఫిల్టర్. "గంటకు ఆరొందల లీటర్లు లాగుతుంది సార్, ఇంక ట్యాంకు వంకే చూడక్కర్లేదు" అన్నాడు షాపాయన. డబ్బా మీదా 600 అనే ఉంది. ఇంటికొచ్చి లెక్క వేస్తే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో గులకరాళ్లు పోను పట్టేది 50 లీటర్లు. మామూలుగా గంటకు నాలుగైదు సార్లు నీళ్లు తిరిగితే చాలు, గోల్డ్ ఫిష్ మురికి ఎక్కువ చేస్తుంది కాబట్టి ఇంకొంచెం వేసుకుందాం, అయినా 600 ఎందుకు? పైగా డబ్బా మీది అంకె ఖాళీ మోటారుది, స్పాంజ్‌కి మురికి పట్టేకొద్దీ అది తగ్గిపోతూ ఉంటుంది.

దాని స్పాంజ్ అగ్గిపెట్టెంత. నాలుగు రోజులకే మూసుకుపోయేది. ఒక ఆదివారం దాన్ని కుళాయి కింద పెట్టి, పిండి, మళ్లీ పిండి, కొత్తదానిలా చేసి పెట్టాను. మూడో రోజుకి నీళ్లు పాలు కలిపినట్టయ్యాయి, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. వారంలో మూడు పోయాయి.

తర్వాత తెలిసింది, ఆ స్పాంజ్‌లో ఉన్నది మురికి ఒక్కటే కాదని. చేపల రెట్ట, మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా వస్తుంది, అది చేపలకి విషం. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కాపురం ఉండేది అక్కడే. కళ్యాణి డ్యాం నీళ్లయినా తెలుగుగంగ నీళ్లయినా కుళాయిలోకి వచ్చేసరికి క్లోరిన్ కలిపే ఇస్తారు కదా, ఆ క్లోరిన్‌తో నా చేతులారా ఆ బాక్టీరియాని కడిగేశాను. మోటారు తప్పు సగం, నా తప్పు సగం.

ఇక ఇప్పటిది. ఒక్కోటి టీ గ్లాసంత ఉండే రెండు నల్ల స్పాంజ్‌లు, మధ్యలో గొట్టం, బయట ఎయిర్ పంపు. నీళ్లలో మోటారే లేదు, బుడగలు పైకి పోతూ స్పాంజ్ గుండా నీళ్లను లాగుతాయి, అంతే. అక్వేరియం చేపల షాపులుండే చెన్నై కొళత్తూరులో ఇంకా చౌక అంటారు, 280 రూపాయల వస్తువుకి అంత దూరం ఎవరు పోతారండీ. పెట్టగానే పని మొదలెట్టేస్తుందనుకోకండి, బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అందుకే పాత ఫిల్టర్‌ని కూడా నెలన్నర పక్కనే నడిపాను, మేత సగానికి తగ్గించాను.

కడగడం చాలా సులువు. మూడు వారాలకోసారి నీళ్లు మార్చేటప్పుడు ట్యాంకు నీళ్లే ఒక బకెట్‌లో తీసి, అందులో ఒక్క స్పాంజ్‌ని నాలుగుసార్లు పిండుతాను. రెండోది వచ్చేసారికి. రాగి అంబలి రంగులో దిగే ఆ నీళ్ల కోసం మా అమ్మ కాచుకుని ఉంటుంది, కరివేపాకు చెట్టుకి పోయడానికి. కొత్త నీళ్లు ముందురోజే పట్టి మూత లేకుండా ఉంచుతాను, అర్జంటైతే యాంటీ క్లోరిన్ చుక్కలు.

ఎండాకాలంలో కరెంటు పోతే అసలు టెన్షన్. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ ముందే తక్కువ. ఈ పంపు తినేది కొద్దిపాటి కరెంటే కాబట్టి ఇన్వర్టర్‌కి తగిలించేశాను. అంతకుముందు మాత్రం ఒక రాత్రి కరెంటు పోగానే ట్యూబు గుండా నీళ్లు వెనక్కొచ్చి, కింది అరలో ఉన్న పంపు నిండి, స్పైక్ బాక్స్ పక్కనే మడుగు కట్టింది. మర్నాడే 30 రూపాయలు పెట్టి ట్యూబుకి, నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ వేశాను. పంపుని ట్యాంకు కంటే ఎత్తులో పెట్టినా సరిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. సన్నటి నలుసుల్ని పట్టదు, ఎండ పడినప్పుడు నీళ్లలో తేలుతూ కనిపిస్తాయి. నాలుగడుగుల ట్యాంకు అయితే దీని జోలికి పోకండి, క్యానిస్టర్ (ట్యాంకు బయట పెట్టే పెద్ద డబ్బా ఫిల్టర్) కొనుక్కోండి. ఇంకోటి చప్పుడు, రాత్రిపూట గుర్రుమంటూనే ఉంటుంది. పంపు కింద పాత పంచె నాలుగు మడతలు వేసి పెడితే సగం తగ్గింది. మిగతా సగానికి మా ఆవిడ హాల్ తలుపు వేసుకుని పడుకుంటోంది.