పోస్ట్‌డాక్‌లకు ఆర్కిడ్ ఐడీ: ల్యాబ్ మారకముందే సరిచూసుకోవాల్సిన ఖాతా

పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత కాంట్రాక్టు మీద పరిశోధన చేసే మనిషి, ల్యాబ్ మారినప్పుడల్లా ఈమెయిల్ మారుతుంది, సంస్థ పేరు మారుతుంది. ఒక పేపర్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో పొడి అక్షరమే మిగులుతుంది. ఇవన్నీ ఒకే మనిషివని చెప్పేది ఆర్కిడ్ (ORCID) నంబరు, అంటే పరిశోధకుడికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. లాభాపేక్ష లేని సంస్థ 2012 నుంచి నడుపుతున్న ఈ సేవ పరిశోధకులకు ఉచితం.

నంబరులో 16 స్థానాలుంటాయి. చివరిది ముందున్న 15 అంకెల నుంచి లెక్కగట్టింది. లెక్క 10 వస్తే అక్కడ ఎక్స్ అక్షరం పడుతుంది. అది అచ్చుతప్పు కాదు, తీసేయకండి.

ఖాతా తెరవడం నిమిషాల పని. సంస్థ ఈమెయిల్ ఒక్కటే ఇచ్చి వదిలేస్తేనే చిక్కు. కాంట్రాక్టు ముగిసి ఆ మెయిల్ మూసేశాక పాస్‌వర్డ్ మర్చిపోతే, మార్చుకునే లింకు అందుకోలేని పెట్టెలోకి పోతుంది. విసిగి కొత్త ఖాతా తెరిస్తే పేపర్లు రెండు నంబర్ల మధ్య చీలిపోతాయి. సెట్టింగ్స్‌లో సొంత ఈమెయిల్ కూడా చేర్చి, వచ్చిన లింకు నొక్కి ధ్రువీకరించుకోండి. ఇప్పటికే రెండు ఖాతాలుంటే డూప్లికేట్ తొలగించే వీలు అక్కడే ఉంది, కానీ తీసేసే ఖాతాలోని వివరాలు రెండోదానికి రావు. ముందే ఎక్కించుకోవాలి.

నాకు బాగా నచ్చింది క్రాస్‌రెఫ్ అనుసంధానం. పబ్లిషర్లు తమ పేపర్ల వివరాలు నమోదు చేసే సంస్థ ఇది. పబ్లిషర్ మీ నంబరుతో సహా పేపరు వివరాలు పంపితే, క్రాస్‌రెఫ్ మొదటిసారి అనుమతి అడుగుతుంది. ఒప్పుకుంటే ఆ తర్వాతి పేపర్లు వాటంతటవే చేరతాయి. అయితే చాలా పత్రికలు కరెస్పాండింగ్ రచయిత (పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయిత) నంబరే తప్పనిసరిగా అడుగుతాయి. రచయితల వరుసలో మధ్యన ఉండే పోస్ట్‌డాక్ నంబరు అక్కడే జారిపోతుంది. పేపరు సమర్పించేటప్పుడే సహరచయితగా మీ నంబరు జత చేసుకోండి. అప్పటికే అచ్చయిపోతే డీఓఐ (పేపరుకుండే శాశ్వత గుర్తింపు కోడ్) ఇచ్చి చేర్చుకోవచ్చు. బిబ్‌టెక్స్ ఫైలు (పేపర్ల వివరాల జాబితా) ఎక్కించేవాళ్లు ప్రతి ఎంట్రీలో డీఓఐ ఉందో లేదో చూడాలి. లేకపోతే ఒకే పేపరు రెండుసార్లు కనిపించవచ్చు.

ఎవరికి ఏది కనిపించాలన్న ఎంపిక మూడు రకాలు: అందరికీ, నమ్మిన సంస్థలకు, నాకు మాత్రమే. సెట్టింగ్స్‌లో అన్నిటికీ కలిపి పెట్టుకున్న ఎంపికను తర్వాత మార్చినా అది కొత్తగా చేరే వాటికే వర్తిస్తుంది, పాతవి విడిగా మార్చాలి. ఇది డిజైన్‌లో లోపమే అనుకుంటాను. ఫెలోషిప్ దరఖాస్తులో లింకు ఇచ్చేముందు లాగ్ అవుట్ అయి పేజీ తెరిచి చూడండి. అప్పుడే ఎంపిక కమిటీకి కనిపించేది మీకూ కనిపిస్తుంది.

సైటేషన్ల లెక్క, అంటే మీ పేపర్లను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్నది, ఇక్కడ ఉండదు, దానికి వేరే చోటు చూసుకోవాలి. మీరు రాసుకున్న వివరాలను ఆర్కిడ్ తనిఖీ చేయదు. ప్రతి ఎంట్రీ కింద మూలం ఎవరో మాత్రం చూపిస్తుంది. ఉద్యోగ వివరాన్ని ఆర్కిడ్‌లో సభ్యత్వమున్న సంస్థే చేర్చితే అక్కడ సంస్థ పేరుంటుంది, మీరు చేర్చితే మీ పేరుంటుంది. మీ సంస్థకు ఆ సదుపాయం ఉంటే, చేరిన నెలలోనే అడిగి వేయించుకోండి.