పాత జిప్సీ నేలకు కొత్త కార్పెట్: ఏడు వర్షాకాలాల తరవాత

నా దగ్గర 2003 నాటి మారుతి జిప్సీ కింగ్ ఉంది. గుడ్డ టాపు బండి. ఉండేది విశాఖపట్నంలో అయినా నెలకు రెండు మూడుసార్లు పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీ ఘాట్లు ఎక్కి దిగుతుంది. 2018 డిసెంబరులో దీని నేలకు వేయించిన కార్పెట్ ఇప్పటికి ఏడు వర్షాకాలాలు చూసింది. 2019 తరవాత మామూలు కొనుగోలుదారులకు కొత్త జిప్సీ దొరకడం లేదు కనక ఉన్న బండ్లనే కాపాడుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో లోపలి నేల మార్చాలనుకునేవారికి పనికొస్తుందని ఈ అనుభవం రాస్తున్నాను. ఇది నేను వేయించిన రెండో కార్పెట్. మెత్తగా, చూడముచ్చటగా ఉన్న మొదటిది మూడేళ్లలో నేల రేకును తినేసింది. అందుకే రెండోసారి ఎంచుకునేటప్పుడు, తడిసిన కార్పెట్ ఎంత త్వరగా ఆరుతుందన్నదాన్నే గీటురాయిగా పెట్టుకున్నాను.

అసలు ఈ కథ హుద్‌హుద్ తుఫానుతో మొదలైంది. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు బండి ఇంటి బయట ఉంది. గుడ్డ టాపు జిప్పుల సందుల్లోంచి, తలుపుల అంచుల్లోంచి వాన అడ్డంగా కొట్టింది. ఆ తరవాత చాలా రోజులు ఊళ్లో కరెంటు లేదు, ఇళ్లలో నీళ్లు లేవు. బండి గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేకపోయింది. పదిహేను రోజులకు తలుపు తీసి చూస్తే కార్పెట్ పైన చేతికి పొడిగానే తగిలింది, నేనూ నిశ్చింతగా ఉండిపోయాను. మరుసటి వేసవిలో సీటు పట్టాలు బిగించడానికని దాన్ని ఎత్తినప్పుడు, పాత యజమాని కింద పరిపించిన గోగునార పట్ట ఇంకా చెమ్మగానే ఉంది. డ్రైవరు మడమ ఆనే చోట స్క్రూడ్రైవరు మొన ఆనిస్తే రేకులోంచి కిందికి దిగిపోయింది.

వానలో తిరిగినందువల్ల రేకు చెడిపోదు, తడిసిన రేకు ఆరకపోవడం వల్ల చెడిపోతుంది. తడి పట్ట ఒకటి రేయింబవళ్లు రేకును అంటిపెట్టుకుని ఉంటే రంగు మీద ఉన్న ప్రతి చిన్న గీతలోంచీ తుప్పు మొదలవుతుంది. సముద్రతీరపు ఊళ్లలో గాలిలోని ఉప్పు దీనికి తోడవుతుంది. ఉప్పు చేరిన పట్ట గాలిలోని చెమ్మను కూడా లాక్కుంటుంది కనక ఎండాకాలంలోనూ పూర్తిగా ఆరదు. ఈ సంగతి అప్పట్లో నాకు అర్థం కాలేదు. తప్పంతా తుఫానుదనుకుని, చిల్లులు పడినచోట టింకరింగు చేయించి, పైన మళ్లీ మెత్తటి కార్పెట్ వేయించాను. పొట్టిగా కత్తిరించిన నైలాన్ నూలు, వెనక అతికించిన అరంగుళం స్పాంజి, దాన్ని మొత్తంగా రబ్బరు సొల్యూషన్‌తో నేలకు అంటించడం. చూసినవాళ్లందరూ కారులా ఉందని మెచ్చుకున్నారు.

రెండో వర్షాకాలానికే వాసన మొదలైంది. పొద్దున్నే అద్దాల లోపలి వైపు మంచు పట్టినట్టు చెమ్మ పేరుకునేది. నిజానికి కార్పెట్ కింద నీళ్లు నిలిచాయనడానికి ఇంతకన్న స్పష్టమైన గుర్తు లేదు, కానీ నేను టాపు కారుతోందనుకుని దానికి మాసికలు వేయిస్తూ ఏడాది పోగొట్టాను. 2018 వేసవిలో కార్పెట్ పీకితే నూలు ఒక్కటే చేతికొచ్చింది, స్పాంజి తునకలుగా నేలకే అతుక్కుపోయింది. దాన్ని గీకడానికి రెండు రోజులు పట్టింది. కింద 2015లో వేసిన రంగు బుడగలు బుడగలుగా లేచి ఉంది. అంటించిన కార్పెట్‌ను ఎత్తి చూడలేము, ఎత్తి ఆరబెట్టలేము; నా మొదటి ఎంపికలో అన్నిటికన్న పెద్ద తప్పు అదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

రెండోసారి తొందరపడలేదు. విజయవాడ ఆటోనగర్‌లోను, విశాఖలోని సీటు కవర్ల దుకాణాల్లోను దొరికిన ప్రతి రకం నుంచి అడుగు చదరం ముక్క తెచ్చాను. వంటింటి త్రాసులో ఒక్కోదాన్ని తూచి, అరగంట బకెట్లో ముంచి, అయిదు నిమిషాలు నిలువుగా వేలాడదీసి, మళ్లీ తూచాను. స్పాంజి వెనకున్న నైలాన్ ముక్క తన బరువుకు అయిదారు రెట్ల నీళ్లు పట్టింది, నీడలో ఆరడానికి మూడు రోజులు తీసుకుంది. గోగునార పట్ట కూడా అంతే, పైగా మూడో రోజుకు దానికి ముక్కిన వాసన వచ్చింది. సూదులతో గుచ్చి తయారుచేసే పాలీప్రొపిలీన్ కార్పెట్, వెనక ఏ పూతా లేనిది, నీళ్లు బాగానే పట్టుకుంది కానీ ఒక్కసారి దులిపితే సగం వదిలేసింది, ఫ్యాను గాలికి ఒక రాత్రిలో ఆరిపోయింది. మూసిన గడులున్న, అంటే లోపలి గాలి గడులు ఒకదానితో ఒకటి కలవని, పాలిథిన్ ఫోమ్ మాత్రం ఉపరితలం తుడిస్తే చాలు, దాదాపు మొదటి బరువుకే వచ్చేసింది.

దీనికి కారణం పోగులోనూ ఉంది, కార్పెట్ తయారీలోనూ ఉంది. నైలాన్ పోగు మామూలు గాలిలోనే తన బరువులో నాలుగు శాతం దాకా చెమ్మ పీల్చుకుంటుంది, పాలీప్రొపిలీన్ పోగు దాదాపు ఏమీ పీల్చుకోదు. కానీ పోగు పీల్చేదానికన్న పోగుల మధ్య చిక్కుకునే నీళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ కనక, ఆ నీళ్లు బయటికి పోయే దారి వెనక వైపు ఉందా లేదా అన్నదే అసలు విషయం. అరుగుదల సంగతికొస్తే నైలాన్‌దే పైచేయి. తొక్కినా మళ్లీ లేచి నిలబడే గుణం దానికి ఉంది, పాలీప్రొపిలీన్‌కు అది తక్కువ. నగరంలోనే తిరిగే, ఏసీ ఉన్న, గట్టి టాపు బండి అయితే నేను నైలాన్‌నే ఎంచుకునేవాణ్ణి.

పెళ్లి పందిళ్లలో పరిచే పలుచటి కార్పెట్‌ను చవకగా దొరుకుతుందని జీపుల్లో వేయించేవాళ్లను చూశాను. అలాంటి ముక్కను పెరట్లో, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని, ఇసుక మీద అంటించి చూస్తే మంట చకచకా పాకింది, కరిగిన బొట్లు మండుతూ రాలాయి. వాహనాల లోపలి సామగ్రికి మన దేశంలో ఐఎస్ 15061 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం మంట నిమిషానికి 100 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు. నేను కొన్న రకానికి ఆ పరీక్ష జరిగిందని దుకాణదారు కాగితం చూపించాకే డబ్బిచ్చాను. నా పెరటి పరీక్షలో అదీ అంటుకుంది కానీ మంట నెమ్మదిగా నడిచి మధ్యలో ఆగిపోయింది. వైర్లన్నీ కార్పెట్ పక్కనుంచే పోయే పాత బండిలో ఈ కాగితం అడగడం ఎవరూ మానవద్దని గట్టిగా చెబుతాను.

మిగతా దారులు కూడా ఆలోచించాను. ఇప్పుడు అందరూ వేయిస్తున్న రెక్సిన్ మ్యాటింగ్ పైన తుడవడానికి సులువే, కానీ అంచుల్లోంచి లోపలికి దిగిన నీరు బయటికి రాలేదు కనక నాకు నచ్చలేదు. ఏ పరుపూ లేకుండా రేకు మీద రబ్బరు మ్యాట్లు మాత్రం వేసుకోవడం తుప్పు విషయంలో అన్నిటికన్న మంచిదే, కాని ఏప్రిల్, మే నెలల్లో గేర్‌బాక్సు వేడి పాదాలకు తగులుతూ గంటల కొద్దీ నడపడం మా ఇంటి పెద్దవాళ్ల వల్ల కాలేదు. అమెరికాలో, జిప్సీ వంశంలోనిదే అయిన సుజుకి సమురాయ్‌కు అచ్చుపోసిన కార్పెట్లు దొరుకుతాయి. వాటిని తెప్పించుకుందామని అనుకునేవారు ఒకటి గమనించాలి: ఆ బండి ముందు, వెనక చక్రాల నడిమి దూరం 2,030 మిల్లీమీటర్లు, జిప్సీది 2,375. పైగా అది ఎడమ చేతి స్టీరింగు బండి. వెనక భాగం పొడవు చాలదు, ముందు భాగం పెడళ్ల దగ్గర కుదరదు. మనకు కత్తిరించి కుట్టించుకోవడమే గతి.

కార్పెట్ కన్న ముందు డబ్బు పెట్టాల్సింది రేకు మీద. తుప్పు పట్టిన చోటల్లా పుట్టీతో కప్పకుండా కోసి కొత్త రేకు వెల్డింగు చేయించాను. తరవాత ఎపాక్సీ ప్రైమరు, అతుకుల మీద సీలెంటు, పైన రెండు చేతుల రంగు. నేలలో నీళ్లు పోవడానికి ఉన్న రబ్బరు బిరడాలు గట్టిపడి పగిలిపోతే కొత్తవి పెట్టించి, కార్పెట్ ముక్క ఎత్తగానే చేతికి అందేలా చూసుకున్నాను. ఈ పనికి కార్పెట్ ఖర్చుకు రెండింతలైంది.

రేకు మీద అక్కడక్కడ బ్యుటైల్ షీటు (జిగురుండే రబ్బరు పట్టీ) ముక్కలు అంటించాను. అదురును ఆపడానికి నేలంతా కప్పనక్కర్లేదు, వేలితో కొడితే డప్పులా మోగే చోట్ల అంటిస్తే చాలు. వాటి మీద 6 మిల్లీమీటర్ల మూసిన గడుల ఫోమ్ పరిచాను. గేర్‌బాక్సు మీది గుబ్బ భాగానికి మాత్రం ఏసీ గొట్టాలకు చుట్టే నైట్రైల్ రబ్బరు ఫోమ్, 10 మిల్లీమీటర్లది, వాడాను. మొదట ఇదే మందాన్ని పాదాల కింద కూడా వేస్తే యాక్సిలరేటరు చివరిదాకా దిగలేదు. ఇది చిన్న విషయం కాదు. కింద పరిచేదంతా పరిచాక, ఇంజను ఆపి, మూడు పెడళ్లనూ చేత్తో అడుగుదాకా నొక్కి చూడకుండా బండి కదపకూడదు.

కుట్టు పని చేసిన మేస్త్రీ ముప్పయ్యేళ్లుగా జీపుల సీట్లు కుడుతున్న పెద్దమనిషి. మొత్తం ఒకే ముక్కగా వేద్దామా అని అడిగితే, “బాబూ, ఒకే ముక్క వేస్తే తియ్యాలంటే సీట్లు ఊడదియ్యాలి. మీరు తియ్యరు. ముక్కలుగా వేయించుకోండి, తీసి ఉతుక్కుంటారు,” అన్నారు. ఆయన మాట మీదే ముందు రెండు, గుబ్బ మీద ఒకటి, ముందు సీట్ల వెనక ఒకటి, వెనక డెక్కుకు ఒకటి, చక్రాల గూళ్లకు రెండు, మొత్తం ఏడు ముక్కలుగా చేయించాం. ముందుగా ఖాకీ కాగితం పరిచి నమూనాలు కత్తిరించాం. రెండు గేర్ లివర్ల దగ్గర వెనక నుంచి ఒక చీలిక ఇచ్చి, దాన్ని వెల్‌క్రోతో మూసేలా చేయడం ఆయన ఆలోచనే. దానివల్ల లివరు బూట్లు, అంటే లివర్ల అడుగునుండే రబ్బరు తొడుగులు, విప్పకుండానే గుబ్బ ముక్క బయటికి వస్తుంది. ఒకటిన్నర మీటరు వెడల్పు బట్ట అయిదు మీటర్లు పట్టింది. అంచులకు రెక్సిన్ పైపింగు వేశారు. బోల్టుల చోట రంధ్రాలకు డ్రిల్లు వాడలేదు, వాడితే బిట్‌కు పోగులు చుట్టుకుని కార్పెట్ అంతా లాగేస్తుంది. వేడి చేసిన సోల్డరింగు ఐరన్‌తో గుచ్చితే రంధ్రం అంచు కరిగి గట్టిపడుతుంది. సీటు బెల్టు బోల్టుల చుట్టూ మాత్రం కార్పెట్‌ను వెడల్పుగా కోసేశాం, ఎందుకంటే ఆ బోల్టు రేకును రేకుకు బిగించాలి, మధ్యలో మెత్తటిది ఉండకూడదు.

ఇక ఏడేళ్ల ఫలితం. జూన్ నుంచి నవంబరు దాకా నెలకోసారి ముందు ముక్కలు తీసి గోడ మీద ఆరేస్తాను. తీయడానికి పది నిమిషాలు, వేయడానికి పదిహేను. ఏజెన్సీ ఎర్రమట్టిని పైపు నీళ్లతో, బట్టల బ్రష్‌తో కడిగితే పోతుంది. ఎండ ఉంటే సాయంత్రానికి ఆరతాయి, ముసురు ఉంటే మర్నాటికి. తీసిన ప్రతిసారీ రేకు చూస్తాను. గత ఏడాది ఎడమ వైపు అతుకు దగ్గర ఒక రూపాయి బిళ్లంత రంగు లేచింది, గీకి ప్రైమరు పూశాను, అంతటితో ఆగింది. అద్దాల మీద చెమ్మ లేదు, వాసన లేదు. వేడి విషయంలో తేడా స్పష్టంగా తెలుస్తోంది, మే నెలలో చింతపల్లి ఘాటు ఎక్కినా గుబ్బ పక్కన కాలు ఆనించగలుగుతున్నాను. చప్పుడు విషయంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. రేకు మోత తగ్గింది కానీ ట్రాన్స్‌ఫర్ కేసు (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తిని పంచే గేర్ల పెట్టె) ఏడుపు, గుడ్డ టాపు కొట్టుకునే శబ్దం ఎప్పటిలాగే ఉన్నాయి. నేల మీద ఎంత పరిచినా టాపు నుంచి వచ్చే గాలి మోత ఆగదు.

లోపాలున్నాయి. డ్రైవరు మడమ కింద నూలు మూడేళ్లకే అణిగి గట్టిపడింది, నాలుగో ఏట చిరిగింది. అక్కడ మందపాటి రెక్సిన్ పట్టీ మొదటే కుట్టించి ఉండాల్సింది, తరవాత వేయించాక ఇబ్బంది లేదు. వెనక డెక్కు ముక్క, టాపు తీసి తిరిగినప్పుడు ఎండ తగిలి, బూడిద రంగు నుంచి వెలిసిన గోధుమ రంగుకు మారింది. పోగు తయారీలోనే ఎండను తట్టుకునే మందు కలిపినది కొంటే ఇంత వెలవదని తరవాత తెలుసుకున్నాను. వెల్‌క్రోలో మట్టి చేరితే పట్టు తగ్గుతుంది, రెండుసార్లు మార్చాను. చేత్తో తాకితే ఈ కార్పెట్ గరుకుగా ఉంటుంది, మొదటిదాని మెత్తదనం దీనికి లేదు.

వచ్చే వేసవిలో ముందు రెండు ముక్కలు మారుస్తాను. అదే రకం బట్ట, ఈసారి ఎండను తట్టుకునే పోగుతో చేసినది, మడమ పట్టీ ముందే కుట్టించి. ఖాకీ కాగితపు నమూనాలు మేస్త్రీ గారు చుట్టచుట్టి నాకే ఇచ్చారు, బీరువా మీద ఉన్నాయి.