ఏడేళ్ళుగా కీ ఇస్తున్న వాచీ: అంత డబ్బు పెట్టినందుకు సంతోషం దొరికిందా

ఈ వాచీ కొన్న మూడో వారంలోనే ఒక రివ్యూ రాశాను, అందులో "చూసినప్పుడల్లా సంతోషంగా ఉంది" అని ఒక మాట ఉంది. ఆ మాట సరిచెయ్యాలనే మళ్ళీ రాస్తున్నా. ఇప్పటికి ఏడేళ్ళయింది. డయల్ ఎంత, కేసు మందం ఎంత, గాజు ఏం గాజు లాంటివన్నీ ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నా. బ్రాండ్ పేరు కూడా చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయేది చేత్తో కీ ఇచ్చుకునే ఏ ఖరీదైన వాచీకైనా సరిపోతుంది. ఒక్కటి మాత్రం ముందే తెలియాలి, నాకు ఇది రెండు నెలల జీతం కంటే ఎక్కువ. కోట్లున్నవాళ్ళు కొంటే వాళ్ళ లెక్క వేరు, నా లెక్క వేరు.

నేను పొదుపు మనిషిని. ముందు దాచు, మిగిలిందే ఖర్చు పెట్టు అని నాన్న చెప్పిన మాట మీదే ఇప్పటికీ నడుస్తున్నా. అందుకే దీనికోసం విడిగా ఒక ఖాతా తెరిచి మూడేళ్ళు దాచాను, అప్పు చెయ్యలేదు, ఈఎంఐ పెట్టలేదు. ఆ మూడేళ్ళలో ఎన్నిసార్లు ఫోటో తెరిచి చూశానో లెక్కలేదు, రాత్రి పడుకునేముందు ఒకసారి చూడందే నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే దాచిన మూడేళ్ళూ ఆ వాచీ నాకు రోజూ కనిపించేది, చేతికి వచ్చిన నాలుగు నెలలకి కనిపించడం మానేసింది. టైం ఎంతయిందో చూస్తున్నా గానీ వాచీని చూడట్లేదు.

ఇది నా ఒక్కడికే జరిగిందేమో అనుకుని చాలా బాధపడ్డా. తర్వాత చదివితే తెలిసింది, 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్ళు కలిసి లాటరీ గెలిచినవాళ్ళని అడిగి ఒక పరిశోధన చేశారు. గెలిచినవాళ్ళు మామూలు జనం కంటే చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు, అదొక్కటే అయితే పర్లేదు, స్నేహితుడితో మాట్లాడటం, పొద్దున్న టిఫిన్ తినడం, టీవీ చూడటం లాంటి రోజువారీ చిన్న చిన్న విషయాల్లో వాళ్ళకి దొరికే ఆనందం మిగతావాళ్ళ కంటే తక్కువట. వాళ్ళు అడిగింది 22 మంది విజేతలనే, అంత చిన్న లెక్కని పట్టుకుని అందరికీ ఇంతే అని నేననను. కానీ ఆ చివరి మాట దగ్గర ఆగిపోయా. వాచీ కొన్నాక నాకూ ఒక కొత్త అలవాటు వచ్చింది, ఎవరు చెయ్యి చాపినా ముందు మణికట్టు మీదకే చూపు పోయేది. అంతకుముందు నాకు అవతలి మనిషి ముఖం కనిపించేది. ఆ అలవాటు పోవడానికి ఏడాదిన్నర పట్టింది. కొనకముందు నాకీ సంగతి ఎవరైనా చెప్పుంటే బాగుండేది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

అయితే నా చూపునించి తప్పిపోయినా ఒక్కటి మాత్రం పోలేదు, అదే కీ. ఈ వాచీకి బ్యాటరీ లేదు, చెయ్యి ఊపితే దానంతటదే స్ప్రింగు బిగుసుకునే ఆటోమేటిక్ కూడా కాదు, రోజూ పొద్దున్నే మనమే కీ ఇవ్వాలి. నిండుగా ఇస్తే ఇంచుమించు రోజున్నర నడుస్తుంది, మర్చిపోతే మర్నాడు ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉంటుంది. కొనేటప్పుడు దీన్ని లోపం కిందే లెక్కేశా, షాపులో ఆటోమేటిక్ తీసుకోమని చెప్పారు కూడా, బడ్జెట్ సరిపోక ఇది తీసుకున్నా. ఇవాళ ఈ వాచీలో నాకు మిగిలింది ఆ లోపమే. పొద్దున్న అందరూ లేవకముందు కిటికీ దగ్గర కూర్చుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ చిన్న గుండీ పట్టుకుని తిప్పుతుంటే మొదట్లో తేలిగ్గా తిరుగుతుంది, పోనుపోను కొంచెం బిగువు తెలుస్తుంది, చివర్లో ఇక చాలు అన్నట్టు ఆగుతుంది. ఫోన్ పక్కన పెట్టి నేను ఊరికే కూర్చునేది రోజు మొత్తంలో ఆ రెండు నిమిషాలే. మిగతావన్నీ అలవాటైపోయాయి, ఇది మాత్రం అవ్వలేదు, ఎందుకంటే మిగతావన్నీ వాచీ నాకు చేసేవి, ఇదొక్కటి నేను దానికి చేసేది.

ఇప్పుడు అసలు గొడవ చెప్తా. ఐదో ఏడు. ఒకరోజు ఆఫీసులో మీటింగుకి వెళ్తే గది ఖాళీగా ఉంది, అందరూ లేటేమో అనుకున్నా, తీరా చూస్తే నా వాచీయే పది నిమిషాలు ముందుంది. టైం సరిచేసి పెట్టుకున్నా, మర్నాటికి మళ్ళీ పన్నెండు నిమిషాలు ముందుకి పోయింది. అప్పటిదాకా రోజుకి ఐదారు సెకన్లు కూడా తేడా రాని వాచీ. ఆ రెండు రోజులూ నాకు అన్నం సరిగ్గా సయించలేదు, అంత డబ్బూ పోసింది దీనికా అని ఒకటే బాధ. సెలవు పెట్టి సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళా. కౌంటర్లో ఉన్నతను వెనక మూత కూడా తియ్యలేదు, ఎన్నేళ్ళయింది కొని అని అడిగి, ఐదేళ్ళంటే మొత్తం విప్పి ఓవరాలింగ్ చెయ్యాల్సిందే, ఆరు వారాలు పడుతుంది అని ఎస్టిమేటు కాగితం చేతిలో పెట్టాడు. నేను నాలుగు నెలలు దాచుకునేంత ఉంది దాని మీద. ఒక్కసారి పరీక్ష చేసి చెప్పొచ్చు కదా అంటే, ముందు వాచీ అప్పగిస్తేనే పరీక్ష అన్నాడు. మీద ఇంత బరువైన పేరు పెట్టుకుని, కొన్నవాడి ఎదురుగా ఐదు నిమిషాలు మూత తీసి చూసే తీరిక లేకపోవడం ఏంటో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కాగితం పట్టుకుని ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నా. మా ఆవిడ చూసి "అది ఆగిపోతే నీకు ఏం ఆగిపోతుంది చెప్పు" అంది. ఎత్తిపొడవడానికి కాదు, నిజంగానే అడిగింది. ఆలోచిస్తే టైం ఫోన్లో ఉంది, గోడ మీద ఉంది, నా పనేదీ ఆగదు. పొద్దున్న ఆ రెండు నిమిషాలు ఆగుతాయి, అంతే. అంత చిన్నదానికోసం నాలుగు నెలల పొదుపు ఇవ్వాలా వద్దా అన్నది ఆ రాత్రి తేల్చుకోలేకపోయా.

మర్నాడు తెలిసినవాళ్ళు చెప్తే ఒక పాత వాచీ మెకానిక్ దగ్గరికి వెళ్ళా. చాలా పెద్దాయన, కంటికి భూతద్దం తగిలించుకుని ఏదో చిన్న వాచీ విప్పుకుంటున్నాడు. నేను చెప్పింది మొత్తం విని ఏమీ అనకుండా సొరుగులోంచి పిల్లలు ఆడుకునేలాంటి చిన్న దిక్సూచి తీసి నా వాచీ మీద పెట్టాడు. దాని ముల్లు గజగజా వణికింది. "రాత్రిళ్ళు దీన్ని ఎక్కడ పెడతారు సార్" అని అడిగాడు. మంచం పక్కన, ట్యాబ్లెట్ మీద అన్నా. "ఆ ట్యాబ్లెట్ కవరుకి అయస్కాంతాలుంటాయా" అన్నాడు. ఉంటాయి, మూసుకోగానే టక్కున అతుక్కునే రకం, ఆ కవరు కొని అప్పటికి వారమే అయింది. "వాచీకి జబ్బేం లేదండీ, సావాసం చెడ్డది" అన్నాడు.

అప్పుడు వివరంగా చెప్పాడు. లోపల వెంట్రుక లాంటి ఒక స్ప్రింగు చుట్టలు చుట్టుకుని ఉంటుంది, హెయిర్‌స్ప్రింగ్ అంటారు, వాచీ టైం లెక్క నడిపే బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగేది దాని బలంతోనే. దానికి అయస్కాంతం పట్టిందంటే చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి, అంటుకుంటే స్ప్రింగు పొడుగు తగ్గినట్టే, పొట్టి స్ప్రింగు తొందరగా ఊగుతుంది, వాచీ ముందుకి పరిగెడుతుంది. సిలికాన్‌తో చేసిన స్ప్రింగు ఉన్న కొత్త వాచీలకి ఆ స్ప్రింగు దగ్గర ఈ బాధ ఉండదట, నాది పాత పద్ధతిది. తర్వాత ఒక చిన్న డబ్బా ప్లగ్గులో పెట్టి, బటన్ నొక్కి, వాచీని దాని దగ్గరకి తెచ్చి మెల్లగా పైకి తీశాడు. అలా రెండుసార్లు, అరనిమిషం కూడా పట్టలేదు. వాచీ టిక్కుటిక్కుమనే చప్పుడు విని స్క్రీన్ మీద గీత గీసే మిషను ఒకటుంది, అంతకుముందు అందులో పెడితే నిట్టనిలువుగా పైకి పోయిన గీత ఇప్పుడు దాదాపు అడ్డంగా పడుకుంది. రోజుకి నాలుగు సెకన్లు ముందు, అంతే. డబ్బులెంత అంటే బ్యాటరీ మార్చినంత తీసుకున్నాడు.

ఆ గీత అలా చదునవడం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం, వాచీ కొన్నరోజు కలిగిన సంతోషం కంటే పెద్దది, ఇందులో అతిశయోక్తి లేదు. ఐదేళ్ళు చేతికి కట్టుకుని తిరిగా, లోపలేముందో ఒక్కరోజు అడగలేదు. ఆయన చెప్పాక చదవడం మొదలుపెట్టా. నా వాచీ గంటకి 21,600 సార్లు కొట్టుకుంటుంది, రోజుకి వేస్తే 5,18,400. క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకే 32,768 సార్లు కంపిస్తుంది, అందుకే మామూలు బ్యాటరీ వాచీ నెల మొత్తానికి పదిహేను సెకన్లు అటూ ఇటూ అవుతుంది గానీ నాది నాలుగు రోజుల్లోనే అంత తేడా తెచ్చేస్తుంది. మొదటి రివ్యూలో "టైం విషయంలో తిరుగులేదు" అని రాశాను, అది తప్పు. టైమే కావాలంటే దీని ఖరీదులో ఎన్నోవంతో పెట్టి కొన్న బ్యాటరీ వాచీ దీనికంటే మేలు. "నీళ్ళలో కూడా పర్లేదు" అని కూడా రాశాను, 30 మీటర్లు అని వెనక రాసుంది కదా అని. ఆ 30 మీటర్లు ఫ్యాక్టరీలో పెట్టే పరీక్ష ఒత్తిడి లెక్క, చేతులు కడుక్కునేటప్పుడు చిందితే పర్లేదు, ఈత కొట్టడానికి పనికిరాదు. "తరతరాలు ఉంటుంది" అన్నా, ఉంటుంది గానీ కొన్నేళ్ళకోసారి లోపల నూనె ఎండిపోతుంది, విప్పి శుభ్రం చేయించాలి, ఆ ఖర్చు కొన్నరోజు ఎవరూ చెప్పరు. సర్వీసు సెంటరతను ఐదేళ్ళకి ఓవరాలింగ్ అన్నది పూర్తిగా అబద్ధం కాదని ఇప్పుడు తెలుసు, కాకపోతే నేను తీసుకెళ్ళిన రోగానికి అది మందు కాదు.

ఇంకోటి చెప్పాలి, ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది. ఆ మెకానిక్ దగ్గరికి రెండోసారి వెళ్ళినప్పుడు నాన్న పాత వాచీ పట్టుకెళ్ళా, ఆయన పోయాక బీరువాలో మూలుగుతోంది. చాలా మామూలు వాచీ, నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కొన్నది, అదీ కీ ఇచ్చేదే. శుభ్రం చేసి ఇచ్చాడు, నడుస్తోంది. మర్నాడు పొద్దున్న దానికి కీ ఇస్తే అదే బిగువు, అదే ఆగడం. నా వాచీ కీ మెత్తగా తిరుగుతుంది, దీనిది కొంచెం గరగరమంటుంది, తేడా అంతే. నేను మూడేళ్ళు దాచి కొనుక్కున్నది బీరువాలో ముందునించే ఉంది.

అలాగని డబ్బంతా వృథా అని కూడా నాకు నోరు రావట్లేదు. బీరువాలో అన్నేళ్ళున్నా నాన్న వాచీకి నేను ఒక్కసారి కీ ఇవ్వలేదు. దీనికి అంత పోశాను కాబట్టి మూలన పడెయ్యలేకపోయా, రోజూ పట్టుకున్నా, పాడైతే నిద్ర మానుకుని తిరిగా, ఆ తిరుగుడులోనే మిగతావన్నీ తెలిశాయి. ఖరీదు సంతోషాన్ని ఇవ్వలేదు గానీ నన్ను దాని దగ్గర కూర్చోబెట్టింది. ఖరీదు లేకుండా కూర్చోగలిగినవాళ్ళకి ఈ ఖర్చు అక్కర్లేదు, నేను కూర్చోలేకపోయా.

పోల్చుకోడానికి ఇంకో వస్తువు ఉంది. వాచీ కొన్న ఏడాదే వాషింగ్ మెషీన్ కూడా కొన్నాం, దాని మీద నేను ఏనాడూ ఒక్క మాట రాయలేదు. 2017లో ఆష్లీ విలన్స్, ఆవిడతో కలిసి పనిచేసినవాళ్ళు 60 మందికి కొంత డబ్బిచ్చి ఒక వారాంతం ఏదైనా వస్తువు కొనుక్కోమన్నారు, ఇంకో వారాంతం అంతే డబ్బిచ్చి టైం మిగిలే పనికి ఖర్చు పెట్టమన్నారు, టైం కొనుక్కున్న రోజే వాళ్ళు ఎక్కువ సంతోషంగా ఉన్నారని తేలింది. ఇది చదివి మా ఆవిడకి చెప్తే "మెషీన్ వచ్చాకే కదా ఆదివారాలు నాకు మిగిలింది, అది నీకు ఇప్పుడు తెలిసిందా" అంది. ఆ ఆదివారాలు ఆవిడవి, అందుకే నా లెక్కలోకి రాలేదు. ఇంట్లో ఎవరి టైమైనా ఇంకా చాకిరీలో పోతోందంటే ముందు డబ్బు అటు పెట్టండి, వాచీ తర్వాత. నేను అదృష్టం కొద్దీ రెండూ ఒకే ఏడాది చెయ్యగలిగా.

మళ్ళీ కొంటావా అంటే, ఇదే పాడైపోతే మళ్ళీ ఇంత పెట్టనేమో. ఎవరికైనా కొనమని చెప్తానా అంటే అప్పు లేకుండా, ఇంటి అవసరాలు గడిచిపోయి, నాలాగా చేత్తో ఏదైనా పట్టుకుంటే తప్ప మనసు నిలవని మనిషైతే చెప్తా, ఆటోమేటిక్ కాకుండా కీ ఇచ్చేదే తీసుకోమంటా. నలుగురూ చూస్తారని కొనేవాళ్ళకి వద్దంటా, నాకు గుర్తున్నంతవరకు ఏడేళ్ళలో అడిగినవాళ్ళు ముగ్గురే.

వచ్చే నెల నిజంగానే ఓవరాలింగ్‌కి ఇస్తున్నా, ఆ పెద్దాయనకే. ఆయన ఒక్కడే చేస్తాడు కాబట్టి ఆరు వారాలకి పైనే పడుతుందన్నాడు, డబ్బు విడిగా దాచి ఉంచా. అన్నాళ్ళూ నాన్న వాచీయే కట్టుకుంటా. దానికి ఇప్పుడు కీ ఇచ్చేది మా పాప, ఎనిమిదేళ్ళు, ఒళ్ళో కూర్చుని పైకే లెక్కపెడుతూ తిప్పుతుంది, బిగువు తగలగానే ఆపెయ్యాలని నేర్పించా. ఆ ఆరు వారాల్లో నాకు నా వాచీ గుర్తొస్తుందో లేదో చూడాలి. గుర్తొచ్చినా రాకపోయినా ఇక్కడే రాస్తా.