బిరుదు కొనడమా, వేషం వేయడమా? 17వ శతాబ్దపు ఇంగ్లండులో దొరతనానికి రెండు దారులు

ఖర్చు: 1611లో జేమ్స్ రాజు పెట్టిన బారొనెట్ బిరుదు (వారసులకూ దక్కే ‘సర్’ హోదా) ధర 1,095 పౌండ్లు, మూడు వాయిదాల్లో. ఏటా 1,000 పౌండ్ల భూమి ఆదాయమూ ఉండాలి. వేషానికి మంచి బట్టలు, కొన్ని నగలు, నమ్మించే కథ చాలు.

శ్రమ: బిరుదుదారుడు వాయిదాల డబ్బు కట్టేస్తే సరి. వేషధారికి ప్రతి మాటా పరీక్షే. కాంటర్‌బరీలో పుట్టిన మేరీ కార్ల్‌టన్ 1663లో లండన్‌లో జర్మన్ రాజవంశీయురాలిగా చెలామణి అయింది. ఆమెను పెళ్లాడిన లాయరు గుమాస్తా కూడా తనను ప్రభువుగానే చెప్పుకున్నాడు! అబద్ధం ఇద్దరిదీ, కోర్టు బోనెక్కింది మాత్రం ఆమె. ఈ అన్యాయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ప్రమాదం: కొన్న బిరుదుకు వెక్కిరింపులే. దొంగ వంశచిహ్నం పెట్టుకుంటే తనిఖీకి వచ్చిన హెరాల్డులు (వంశచిహ్నాల హక్కును పరిశీలించే రాజోద్యోగులు) ఊరందరి ముందు పరువు తీసేవారు. భర్త ఉండగానే మళ్లీ పెళ్లాడిందన్న ద్వివివాహ కేసులో మేరీ నిర్దోషిగా బయటపడినా, తర్వాత దొంగతనాలు చేసినందుకు శిక్షగా జమైకాకు పంపారు. తిరిగొచ్చాక 1673లో లండన్ ఉరిస్థలం టైబర్న్‌లో ఉరితీశారు.

భూమి, ఓపిక, వారసులు ఉన్నవారికి బిరుదే తగినది. ఆస్తి లేని, తెలివైన స్త్రీకి ఆ దుకాణం తలుపే తెరుచుకోదు. ఆమెకు మిగిలింది వేషమే, అదీ ఊరు మారి కొద్దికాలం బతకడానికే.