మాల వేస్తే చాలా, మీటింగ్‌లో కూర్చోవాలా?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది, అయినా మా సిరొంచ వైపు తాగేవాళ్లు తాగుతూనే ఉన్నారు. మానాలంటే ఇంట్లో చెప్పే మొదటి మాట అయ్యప్ప మాల. దాని బలాన్ని నేను కాదనను, 41 రోజులు అందరూ స్వామీ అని పిలుస్తుంటే చెయ్యి సీసా మీదకి పోదు. కానీ ఇన్నాళ్లూ భార్య ఎంత నలిగిపోయిందో ఆ దీక్షలో ఎవరూ అడగరు.

1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు మీటింగుల్లో కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుండే సంఘం, దాని దారి వేరు. వాళ్ల 12 మెట్లలో ఎనిమిదోది ఎవరెవరిని బాధపెట్టామో రాసుకోవడం, తొమ్మిదోది వాళ్లకి మళ్లీ హాని జరగదనుకుంటే నేరుగా వెళ్లి సరిదిద్దుకోవడం. మీటింగ్‌లో పక్కనున్నాయన బిడ్డ స్కూలు ఫీజు ఎలా తాగేశాడో చెబుతుంటాడు, ఎవరూ మధ్యలో ఆపరు, తిట్టరు, వింటున్న మనకి మన బిడ్డ మొహం కళ్లముందుకొస్తుంది. ఎదుటివాళ్ల నొప్పి తెలిసేది అక్కడే, అందుకే నా ఓటు మీటింగ్‌కే. దగ్గర్లో లేకపోతే ఆన్‌లైన్‌లో కూర్చోండి. మాల వేసుకున్నా సరే, ఇదీ చేయండి.

ఏ దారైనా, రోజూ బాగా తాగేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఒక్కసారిగా ఆపొద్దు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకీ రావచ్చు. ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446.